తుంటి కీలు మార్పిడి వార్డులో నర్సింగ్ సేవ: పదకొండు రోజులు చూశాక

బాత్రూంలో జారిపడి కుడి తుంటి ఎముక విరిగిన మా అమ్మకు హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కీలు మార్పిడి చేయించి, పదకొండు రోజులు అక్కడే ఉన్నాము. శస్త్రచికిత్స బాగా జరిగింది. నేను రాయదలచింది మాత్రం మంచం పట్టిన మనిషికి విరేచనం సాఫీగా అయ్యేలా అక్కడి నర్సులు తీసుకున్న శ్రద్ధ గురించి.

చేరిన రోజునే సిస్టర్, అమ్మ ఇంట్లో ఏ వేళకు విరేచనానికి వెళ్తారో, ఎన్ని రోజులకోసారి అవుతుందో అడిగితే అమ్మ సిగ్గుపడి నా వంక చూసింది. ఆ తర్వాత ప్రతి ఉదయం “మోషన్ అయిందా అమ్మా?” అని అడిగి ఊరుకోకుండా, మలం రూపాలను ఏడు రకాల బొమ్మల్లో చూపే బ్రిస్టల్ పట్టిక చూపించి కేస్ షీటులో అంకె వేసేవారు, మేక పెంటికల్లా ఉంటే ఒకటి, పూర్తిగా నీళ్ళయితే ఏడు.

నొప్పికి వాడే ట్రమడాల్ పేగుల కదలికను మందగింపజేస్తుందని, అందువల్ల విరేచనం ఆగేదాకా చూడకుండా డాక్టరుగారితో ముందే మందు రాయించామని చెప్పారు. నేను ఇంటి నుంచి తెచ్చిన ఇసబ్గోల్ పొట్టును వద్దన్నారు. నీళ్ళు సరిగా తాగని రోగి కడుపులో అది గట్టిపడి అడ్డుపడవచ్చట. డాక్టరుగారు రాసిన, విరేచనం అయ్యేలా చేసే బిసాకోడిల్ మాత్ర పనిచేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది కనుక దాన్ని రాత్రి వేసి, ఫలహారం తిన్నాక పేగులు సహజంగా కదిలే వేళకు అమ్మను కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టేవారు. కాళ్ళ కింద పీట వేస్తే సులువవుతుందని నేనంటే, మోకాళ్ళు తుంటి కంటే పైకి లేస్తే కొత్త కీలు జారే ప్రమాదముందని వారించి, ఎత్తు పెంచిన కుర్చీనే వాడారు. తెర లాగి, పిలుపు గంట అమ్మ చేతికిచ్చి, బయట నిలబడేవారు.

నాలుగో రోజు మరో అంతస్తుకు మార్చినప్పుడు ఈ క్రమం తెగిపోయింది. రాత్రి మాత్ర రాసుకోవడం మరచారు, కేస్ షీటులో అంకె వేసే గడులు ఖాళీగా మిగిలాయి. ఏడో రోజు రాత్రి పలుచగా కొద్దికొద్దిగా కారుతుంటే డ్యూటీలో ఉన్న సిస్టర్ నీళ్ళ విరేచనాలని రాసేశారు. తెల్లవారాక వచ్చిన సీనియర్ సిస్టర్ ఆ ఖాళీ గడులు చూసి, గట్టిపడిన మలం పక్కనుంచి నీరు జారుతోందేమోనని అనుమానించారు. డాక్టరుగారు పరీక్షించి అదే నిజమన్నాక, అమ్మను ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి ఎనిమా ఇచ్చారు. ఆ పూట అమ్మ పడిన బాధ తప్పించదగినదే.

వంటశాల సంగతి చెప్పకపోవడమే మేలు. బ్రెడ్డు, గంజి తప్ప ఆకుకూర పప్పు కోసం రెండు రోజులు అడగవలసి వచ్చింది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ట్రమడాల్ ఉన్నన్నాళ్ళూ బిసాకోడిల్ ఆపవద్దని, ఐరన్ మాత్రలతో మలం నల్లబడితే కంగారు పడవద్దని సిస్టర్ తెలుగులో రాసిచ్చారు. మొదటి వార్డుకు ఐదుకు ఐదు, తర్వాత మార్చిన అంతస్తుకు రెండున్నర ఇస్తాను.