తరగతిలో బొమ్మల కథకు స్క్రాచ్: సూత్రధారి లేకపోతే నాటకం నడవదు

టీచింగ్ ప్రాక్టీస్‌లో పిల్లల చేత బొమ్మల కథ చేయించాలనుకునే ఛాత్రోపాధ్యాయులకు స్క్రాచ్ పనికొస్తుంది. ఆదేశాలున్న బ్లాకులను ఒకదాని కింద ఒకటి పేర్చి తెర మీది బొమ్మలను కదిలించే, మాట్లాడించే ప్రోగ్రామింగ్ సాధనం ఇది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌లో తయారై 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఉచితం. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం చేశారు. నెట్ మీద నమ్మకం లేకపోతే ఆఫ్‌లైన్ యాప్ ముందే వేసి పెట్టుకోవాలి. మార్కులు వేయమంటే కథ చెప్పించడానికి పదికి ఎనిమిది, జట్టు పనికి నాలుగు.

పిల్లలు మొదట పట్టుకునేది 'వెయిట్' (ఇన్ని సెకన్లు ఆగు) బ్లాకును. కాకి 2 సెకన్లు మాట్లాడుతుంది, నక్క 2 సెకన్లు ఆగి జవాబిస్తుంది. కాకి మాటను 3 సెకన్లకు పెంచారా, ఆ తర్వాతి పాత్రలన్నీ ఒకరి మాట మీద ఒకరు పడిపోతాయి. ఇక కూర్చుని ప్రతి అంకె మార్చాల్సిందే. పీరియడ్ అయిపోయేది ఇక్కడే.

దీనికి మందు ఒక అదనపు స్ప్రైట్ (స్క్రాచ్‌లో పాత్ర బొమ్మను అలా అంటారు). దానికి 'సూత్రధారి' అని పేరు పెట్టి, తెర మీద కనిపించకుండా 'హైడ్' చేయాలి. ప్రాజెక్టును మొదలుపెట్టే పచ్చజెండా నొక్కగానే అది మొదటి బ్యాక్‌డ్రాప్ (వెనక తెర బొమ్మ) పెట్టి, 'బ్రాడ్‌కాస్ట్ అండ్ వెయిట్' (పిలిచి, పని అయ్యేదాకా ఆగు) బ్లాకుతో 'సీన్ 1' అని పిలుస్తుంది. ఆ పిలుపు అందుకున్న పాత్రలన్నీ తమ పని ముగించాకే 'సీన్ 2'కు కదులుతుంది. సీను లోపల మాటలకూ ఇదే పద్ధతి: 'కాకి 1', 'నక్క 1' అని వరసగా పిలిస్తే చాలు. ఇక ఎవరి మాట ఎంత సాగినా పక్కవాళ్లు చెదరరు.

ఇందులోనూ రెండు గుంటలున్నాయి. పిలుపు అందుకున్న పాత్రలో 'ఫరెవర్' (ఆగకుండా చేస్తూనే ఉండు) ఉంటే ఆ పని ఎప్పటికీ ముగియదు, సూత్రధారి అక్కడే నిలబడిపోతాడు. నడక కోసం 'రిపీట్ 10' వాడాలి: లోపల 10 అడుగులు (స్టెప్స్), 'నెక్స్ట్ కాస్ట్యూమ్' (అదే పాత్ర మరో భంగిమ), 0.1 సెకను 'వెయిట్'. సుమారు ఒక సెకనులో పాత్ర 100 అడుగులు జరుగుతుంది. తెర వెడల్పు 480 అడుగులు, కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఐదు సెకన్లు అనుకోండి. రెండోది గొంతు: 'స్టార్ట్ సౌండ్' పెడితే శబ్దం మొదలవగానే పని అయిపోయినట్టు లెక్క, సీను మధ్యలో మారిపోతుంది. 'ప్లే సౌండ్ అంటిల్ డన్' పెట్టాలి.

పాత్ర వెనక్కి తిరగగానే తలకిందులైతే గాభరా పడక్కర్లేదు, రొటేషన్ స్టయిల్‌ను 'లెఫ్ట్-రైట్'కు మార్చండి. రెండోసారి ఆడించినప్పుడు పాత్రలు మాయమవుతుంటే, కిందటిసారి 'హైడ్' అయినవి అలాగే ఉన్నాయన్నమాట. పచ్చజెండా బ్లాకు కింద ప్రతి పాత్రకూ 'షో' లేదా 'హైడ్', నిలబడే చోటు, మొదటి కాస్ట్యూమ్ రాయించాలి.

తెలుగు అక్షరాల సంగతి కాస్త చిరాకే. బొమ్మలు గీసే చోట ఇచ్చిన ఫాంట్ల జాబితాలో తెలుగు లేదు. కథ పేరును వేరేచోట రాసి, బొమ్మగా తెచ్చి పెట్టడం మేలు.

జట్టు పనికి నాలుగే ఎందుకంటే, ఒకే ప్రాజెక్టును ఇద్దరు రెండు కంప్యూటర్లలో ఒకేసారి దిద్దలేరు. పాత్రలు పంచుకుని ఎవరి స్ప్రైట్ వాళ్లు చేసి, దాని మీద కుడి క్లిక్ చేసి 'ఎక్స్‌పోర్ట్' చేస్తే కోడుతో సహా ఒక ఫైలుగా వస్తుంది. అవన్నీ సూత్రధారి ఉన్న కంప్యూటర్‌లో 'అప్‌లోడ్ స్ప్రైట్'తో చేర్చాలి. పిలుపుల పేర్లు ముందే బోర్డు మీద రాయకపోతే ఒకరు 'సీన్ 1' అనీ, ఇంకొకరు 'సీన్1' అనీ పెడతారు. ఆ ఒక్క ఖాళీ తేడాకే పాత్ర పలకదు. స్టేజీకి (వెనక తెరకు) రాసిన కోడును స్ప్రైట్‌లా బయటకు తీయడం కుదరదు, అందుకే నడిపించే కోడంతా సూత్రధారిలోనే ఉంచాలి. ఆఫ్‌లైన్ యాప్ తనంతట తాను సేవ్ చేయదు. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందే జట్టు పేరు, తేదీతో ఫైలు దాచమనండి.