58 మెట్ల పైన వర్క్‌షాప్: ఏడేళ్ళ వాడకం తర్వాత

కిందటి ఆదివారం చెక్క కోసే టేబుల్ రంపాన్ని కిందికి దింపేశాం. నలుగురు మనుషులు, రెండు వెదురు బొంగులు, ఒక మోకుతాడు. 2018లో పైకెక్కించినప్పుడు ఎనిమిది వందలు ఇచ్చాను. దింపడానికి పదిహేను వందలు అడిగారు. దింపడమే కష్టమట, బరువంతా ముందువాడి మోకాళ్ళ మీదికొస్తుందట. కొన్నాయనది గొల్లపూడి. "బాగానే తిరుగుతోంది కదండీ, ఎందుకమ్ముతున్నారు?" అన్నాడు అనుమానంగా. "మీ ఇంటికి మెట్లెన్ని?" అనడిగాను. గ్రౌండు ఫ్లోరట. అయితే హాయిగా పట్టుకెళ్ళమన్నాను.

కొండవాలులో, నీళ్ళు కనబడే చోట ఇల్లు, పక్కనే ఓ షెడ్డు, అందులో తీరిగ్గా చెక్కపని. ఈ పిచ్చి నా ఒక్కడికే లేదని ఈ ఏడేళ్ళలో తెలిసింది. బ్యాంకులో అడుగుతారు, పెళ్ళి భోజనాల దగ్గర అడుగుతారు. ఏ మిషన్ కొనాలి, ఎంతవుతుంది అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

మాది సీతానగరం. గుంటూరు జిల్లానే గానీ ఇనుప సామానుకైనా సినిమాకైనా బ్యారేజీ దాటి బెజవాడే వెళ్తాం. 2016 పుష్కరాలయిన మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చాం. రోడ్డు నుంచి 58 మెట్లెక్కాలి. కింద కృష్ణ. నది అని పేరేగానీ, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ వెనక 12 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిస్తే అది పెద్ద చెరువే. మూడు టీఎంసీల పైచిలుకు నీళ్ళు, గాలి లేని పొద్దున ముడత పడకుండా ఉంటాయి. డిసెంబరులో మంచు దిగితే అవతల ఒడ్డున అమ్మవారి కొండ పైభాగం ఒక్కటే కనబడుతుంది, దాని కింద ఊరనేదే ఉండదు. రైలు వంతెన మీద గూడ్సు పోతుంటే నా బల్ల మీది మేకుల డబ్బా సన్నగా గలగలమంటుంది. వీటి కోసమే వచ్చాం, ఆ విషయంలో ఇప్పటికీ చింత లేదు.

షెడ్డు పది అడుగులు బై పద్నాలుగు. మొదట ఇనప రేకులు వేయించాను. రోహిణి కార్తెలో ఆ రేకు కింద నిలబడి చూడండి. పైన రేకు, వెనక రోజంతా ఎండ తాగిన కొండరాయి. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి ఆనేది కాదు. ఫ్యాన్ వేస్తే వేడిగాలి మొహాన కొట్టేది. రెండో వేసవిలో రేకుల పైన అడుగు ఎత్తున కర్రలు కట్టి తాటాకు పందిరి వేయించాను. మధ్యలో గాలి ఆడుతుంది గదా, షెడ్డులో మనిషి నిలబడగలిగాడు. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. గ్రైండర్ నిప్పురవ్వల పని మాత్రం దాని కింద కాదు, బయట బండ మీదే. అయినా మేలో నా పని వేళలు పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది వరకే.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ అడగరు. టేబుల్ రంపానికి రెండు హార్స్‌పవర్ మోటారు. ఇంటి నుంచి షెడ్డుకి సన్న వైరుతో లైను లాగాడు ఎలక్ట్రీషియన్. స్విచ్ వేయగానే ఇంట్లో లైట్లు మూలిగేవి, మోటారు కాలిన వాసన కొట్టేది. వైరు సన్నం, దూరం ఎక్కువ, మోటారుకి చేరేసరికి వోల్టేజీ పడిపోతోంది. మీటరు దగ్గర్నుంచి విడిగా లావుపాటి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాక ఆ గొడవ తీరింది.

అసలు భయపెట్టింది ఎర్తింగు. కొండ మీద రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఆ రెండడుగుల్లోనే కడ్డీ పాతి మట్టి కప్పేసి, అయిపోయింది సార్ అన్నాడు. వానాకాలం ఒకరోజు ఉత్తి కాళ్ళతో నిలబడి డ్రిల్ స్టాండు ముట్టుకుంటే మోచేతి దాకా చీమలు పాకినట్టయింది. వెంటనే మెయిన్ ఆపేశాను. చివరికి ఇనప పట్టీని మెట్ల పక్కనుంచి కింద వేపచెట్టు మొదటి దాకా దింపి, అక్కడ మెత్తటి నేలలో ఎనిమిదడుగుల గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించాం. ఎండాకాలం ఆ గోతిలో వారానికి రెండు బిందెల నీళ్ళు పోస్తాను. షెడ్డు బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాను, నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కి చూస్తాను. మిషన్ల కంటే ముందు దీని మీద ఖర్చు పెట్టండి. రాతినేల మీద ఇల్లున్నవాళ్ళు మరీను.

ఇక ఆ టేబుల్ రంపం. పదంగుళాల బ్లేడు, పేరున్న కంపెనీదే, పేరు చెప్పను. మోటారు మంచిది. పలకని పక్కనుంచి నడిపించే గైడు మాత్రం మొదటి రోజు నుంచీ వెధవ సరుకు. బిగించిన పది కోతలకే అర మిల్లీమీటరు జరిగిపోయేది. అలా జరిగితే పలక బ్లేడుకి గైడుకి మధ్య నొక్కుకుపోయి మన మీదికే ఎగిరొస్తుంది. ఒకసారి మామిడి పలక ముక్క నా పొట్ట పక్కనుంచి వెళ్ళి వెనక తలుపుకి గంటు పెట్టింది. ఆ గంటు అలాగే ఉంచాను. తర్వాత ఆటోనగర్‌లో ఒక లేత్ కుర్రాడి చేత రెండు వైపులా బిగుసుకునే గైడు చేయించాను. అసలు దానికంటే అదే బాగుంది. కానీ మొత్తం మీద లెక్కేస్తే ఆ రంపం నేను నెలకి రెండుసార్లు కూడా తిప్పలేదు. పెద్ద కోతలు ఎలాగూ సా మిల్లులోనే చేయించుకుని తెస్తున్నాను, ఎందుకంటే ఎనిమిదడుగుల పలక కన్నా నాలుగడుగుల పలక మెట్లెక్కడం తేలిక. మెట్లే నా చేత ఆ పని చేయించాయి. అది అర్థం కావడానికి ఏడేళ్ళు పట్టింది, అంతే.

బోష్ డ్రిల్లు ఒకటి కొన్నాను, రంపం కొన్న ఏడే. రెండుసార్లు కార్బన్ బ్రష్షులు మార్చాను, ఇంకేం అడగలేదు పాపం. నాలుగంగుళాల చేతి గ్రైండర్ ఇనుముకి మాత్రమే వాడండి. దానికి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి వాడేవాళ్ళు మన ఊళ్ళలో వీధికి ఇద్దరున్నారు. అది నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరుగుతుంది, పన్ను చెక్కలో పట్టిందంటే చేతిలో ఆగదు. మా వీధి చివరి కుర్రాడి బొటనవేలు చూశాక నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఏడేళ్ళుగా రోజూ చేతిలో ఉన్నవి వేరు. ఉలులు మూడు, చెక్క నునుపు చేసే చిత్రిక ఒకటి, మూలమట్టం, రెండు రంపాలు. ఒక ఉలి లారీ కమాను పట్టాతో ఆటోనగర్‌లో సాగగొట్టించింది, కొట్లో కొన్న ఉలి కంటే ఎక్కువసేపు పదును నిలుపుతుంది. పదును పట్టడం మాత్రం కింద మెట్ల దగ్గరుండే ముసలి వడ్రంగి నేర్పాడు. మొదటిసారి నా ఉలి చూసి, "ఇదేంటి బాబూ, అట్లకాడా?" అన్నాడు. సానరాయి మీద నీళ్ళు చల్లి, ఉలిని ఒకే వాలులో పట్టి, ముందుకే గానీ వెనక్కి నొక్కకుండా పది నిమిషాలు నూరించాడు. తర్వాత వీపు వైపు ఒక్కసారి పడుకోబెట్టి లాగి, తన ముంజేతి వెంట్రుకల మీద ఆనించాడు. నాలుగు వెంట్రుకలు రాలాయి. "ఇప్పుడు చెక్క దగ్గరికెళ్ళు" అన్నాడు.

ఆ మాట విలువ కొండపల్లి నుంచి తెల్లపొణికి ముక్కలు తెచ్చుకున్నప్పుడు తెలిసింది. బొమ్మలు చేసే కలప, చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. మెత్తటి కలప గదా అని మొండి ఉలి పెడితే తెగదు, నలుగుతుంది. గట్టి తుమ్మని ఎంతో కొంత మొండి ఉలితో కూడా బాది లొంగదీయొచ్చు, పొణికి మాత్రం పదునుకే వింటుంది. బొమ్మల వాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కు నేను కూడా చేసి చూశాను. బీటలు పూడ్చడానికి బాగుంది. నా చెయ్యి పడితే కాస్త ఉండలు కడుతుంది. వాళ్ళకి కట్టదు.

కలప విషయంలో నా అనుభవం చిన్నదే. టేకు నీటి పక్కన కూడా పెద్దగా ఒంకర పోలేదు, కానీ అందులో సన్న ఇసుకలాంటి పదార్థం ఉంటుంది, పదును తొందరగా తింటుంది. నల్లతుమ్మ పిడులకి, బల్ల కాళ్ళకి బ్రహ్మాండం. మామిడి చవక, పుచ్చు పురుగు కూడా వెంటనే వస్తుంది. తెచ్చిన నెలకే పలక కింద పసుపు పొడి కుప్ప కనబడితే సంతోషపడకండి.

మా ఆవిడకి వంటింటి సొరుగులు మే నెలలో చేసిచ్చాను. కాగితం పట్టనంత సందుతో, చూసుకుని మురిసిపోయాను. ఆగస్టుకల్లా పై సొరుగు బిగుసుకుపోయింది. లోపల పసుపు, జీలకర్ర. వడగాడ్పుల్లో ఎండి ముడుచుకున్న చెక్క వానాకాలం తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. ఈ సంగతి పుస్తకంలో చదివే ఉన్నాను. చదవడం వేరు, జీలకర్ర కోసం ఆవిడ గరిట పెట్టి సొరుగు పెకిలిస్తుంటే పక్కన నిలబడటం వేరు. మేలో చేసే వాటికి ఇప్పుడు రెండు మిల్లీమీటర్ల సందు వదులుతున్నాను.

తుప్పుకి కొబ్బరినూనె రాశాను, జిడ్డు కట్టి పొట్టంతా అంటుకుంది. కుట్టుమిషన్ నూనె నయం. పనిముట్ల పెట్టెలో కర్పూరం బిళ్ళలు కూడా వేస్తాను. పెట్టె తెరిస్తే గుడి వాసన వస్తుంది, అదొక్కటి మాత్రం ఖాయం.

ఇక నా సొంత తెలివితక్కువతనం. షెడ్డు వెనక కొండ కోసిన చోట రాతిగోడ ఉంది. గోడ వెనక చేరే వాననీళ్ళు బయటికి రావడానికి కింది వరసలో గొట్టాలు పెట్టారు కట్టినవాళ్ళు. నేను ఆరేళ్ళ పాటు రంపపు పొట్టు, చిత్రిక చుట్టలు అన్నీ ఆ గోడ పైనుంచి వెనక్కి దులుపుతూ వచ్చాను. ఎవరికీ అడ్డం లేని చోటు గదా. 2024 ఆగస్టు 31న, బెజవాడని ముంచిన ఆ వాన కురుస్తోంది. బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ళ మీద పడి మనుషులు పోయారన్న వార్త వచ్చింది. టార్చి పట్టుకుని వెనక్కి వెళ్ళి చూస్తే గోడ నడుము దగ్గర వేలెడు ముందుకొచ్చి ఉంది. ఆరు గొట్టాల్లో ఒక్కదాన్నుంచే నీళ్ళు వస్తున్నాయి, అదీ దారంలా. మిగతావాటి నోళ్ళలో నా పొట్టే, ఊరి ముద్దలై.

భార్యనీ అత్తగారినీ కిందింటికి పంపి, నేనూ పక్కింటి తమ్ముడూ ఇనప చువ్వతో ఒక్కో గొట్టం పొడిచాం. రెండోది తెరుచుకున్నప్పుడు మట్టినీళ్ళు మొహం మీద చిమ్మాయి. ఐదోదానికి రాత్రి రెండయింది. గోడ నిలిచింది. తెల్లారి చూస్తే అవతల బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచేసింది, ఇవతల బ్యారేజీలో వరద పెరుగుతూ పెరుగుతూ మరుసటి రోజుకి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నా చెరువు లేదు, ఎర్రటి ప్రవాహం, అందులో కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. ఆ వారం పనిముట్లు ముట్టుకోలేదు.

గోడకి తర్వాత రెండు ఆనుడు స్తంభాలు కట్టించాను. షెడ్డు మీద అంతకుముందు పెట్టిన మొత్తంలో నాలుగో వంతు దానికే పోయింది. పొట్టు ఇప్పుడు గోనె సంచుల్లో కిందికి పోతుంది, గేదెల పాక ఆయన తీసుకుంటాడు. మీరు కొండవాలులో కడుతుంటే మిషన్ల జాబితా తర్వాత రాసుకోండి, ముందు వానలో నిలబడి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి.

దుమ్ము గురించి ఒక ముక్క. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం మొదటి తరగతిలోనే పెట్టింది. నదివైపు కిటికీ, దానికెదురు తలుపు తెరిచి, ఎన్95 మాస్కు కట్టుకుంటాను. టేకు దుమ్ముకి మెడ దురద కూడా వస్తుంది నాకు.

చప్పుడు మీద పక్కవాళ్ళు ఇప్పటిదాకా ఏమీ అనలేదు. అందరిళ్ళలోనూ నా స్టూలు ఒకటి ఉండటం వల్ల కావచ్చు.

రంపం పోయిన చోట కిటికీ కిందికి పని బల్ల జరిపాను. పొద్దుటి వెలుగు పక్కనుంచి పడుతుంది, గీసిన గీత స్పష్టంగా కనబడుతుంది. ఇన్నాళ్ళూ ఆ వెలుగంతా రంపం మీద పడి వృథా అయింది. బల్లకి కొత్త కాళ్ళ కోసం నల్లతుమ్మ దుంగ కూడా తెప్పించాను. ఆటోవాడు మెట్ల కింద పడేసి వెళ్ళాడు. ముక్కలు చేయిస్తే పైకి రావచ్చు గానీ దాన్ని కొయ్యబుద్ధి కావట్లేదు. సంక్రాంతికి మా వాడూ వాడి స్నేహితులూ వస్తే ఎక్కిస్తారు. అందాకా ముసలాయన దాని మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు.