ఒంటారియో సర్కారు గంజాయి దుకాణం: సరుకు బాగుంది, పన్ను లెక్కే వంకర

కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) నడిపే గంజాయి దుకాణం ఇది. పూర్తి పేరు ఒంటారియో కెనబిస్ స్టోర్, అక్కడ అందరూ అనేది ఓసీఎస్. కెనడా గంజాయిని చట్టబద్ధం చేసిన 2018 అక్టోబర్ 17నే తెరుచుకున్న ప్రభుత్వ ఆన్‌లైన్ దుకాణం ఇది. వీధిలో కనిపించే గంజాయి షాపులు మాత్రం ప్రైవేటువి, 2019 ఏప్రిల్ నుంచి వచ్చాయి. మన దగ్గర వైన్ షాపులకు బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే మందు వెళ్లినట్టు, అక్కడి షాపులన్నీ ఓసీఎస్ గోడౌన్‌లోనే సరుకు ఎత్తాలి. అంటే వెబ్‌సైట్‌లో కొన్నా, బ్రాంప్టన్‌లో షాపుకెళ్లి కొన్నా, డబ్బా వచ్చేది ఒకే దారిన. కాబట్టి ఇక్కడ చూడాల్సింది వెబ్‌సైట్ అందచందాలు కాదు, ఆ దారిని.

కొనే పద్ధతితో పేచీ ఏమీ లేదు. వయసు 19 నిండాలి, క్రెడిట్ కార్డు చెల్లుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అమెరికాలో చట్టబద్ధమైన రాష్ట్రాల్లో కూడా చాలా డిస్పెన్సరీలు (గంజాయి షాపులు) నోట్ల మీదే నడుస్తాయి. ఫెడరల్ చట్టం ఇంకా ఒప్పుకోదు కాబట్టి క్రెడిట్ కార్డు కంపెనీలు దగ్గరికి రావు. కెనడాలో దేశమంతటికీ ఒకే చట్టం, ఆ తంటా లేదు. పార్శిల్ గుమ్మం దగ్గర పడేసి వెళ్లరు. తీసుకునే మనిషి గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలి. ఒంటారియో ఫోటో కార్డు గానీ డ్రైవింగ్ లైసెన్స్ గానీ ఉంటే పని సులువు. ఇంట్లో ఎవరూ లేకపోతే పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి, అక్కడా అదే తనిఖీ. ఇంత శ్రమ వద్దనుకుంటే షాపే మేలు. అయితే షాపు అన్ని ఊళ్లలోనూ ఉండదు. వద్దనుకునే అవకాశం మున్సిపాలిటీలకు ఇచ్చారు. మిస్సిసాగా మొదట వద్దని, 2023లో తలుపు తీసింది.

ఒకసారికి 30 గ్రాముల ఎండు పువ్వు, లేదా దానికి సమానమైనది కొనొచ్చు. బయట జేబులో ఉంచుకునే పరిమితి కూడా అదే. ఆ 'సమానం' లెక్క తెలియకపోతే కార్ట్ దగ్గర ఆగిపోతారు: 1 గ్రాము పువ్వుకు 15 గ్రాముల తినుబండారం, పావు గ్రాము కాన్సంట్రేట్ (గాఢంగా తీసిన సారం). అంటే హ్యాష్, వేప్ లాంటివైతే మొత్తం ఏడున్నర గ్రాములే. గంజాయి డ్రింకులకు మొదట 1 గ్రాముకు 70 గ్రాముల ద్రవం అని రాశారు. 355 మిల్లీలీటర్ల క్యాన్లు ఐదు కొనేసరికి కోటా అయిపోయేది, ఆ ఐదింటిలో మత్తు మహా అయితే 50 మిల్లీగ్రాములు. అదే 30 గ్రాముల పువ్వులో కొన్ని వేల మిల్లీగ్రాములు. ఈ వింతను 2022 డిసెంబర్‌లో దిద్దారు, ఇప్పుడు 48 క్యాన్ల వరకు కొనొచ్చు.

డబ్బా మీద ఏం చదవాలి

లేబుల్‌కు ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. డబ్బాలు చప్పగా ఉంటాయి: ఒకటే రంగు, చిన్న లోగో, పసుపు పెట్టెలో ఆరోగ్య హెచ్చరిక, ఎర్రటి ఎనిమిది మూలల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) గుర్తు, పిల్లలు తీయలేని మూత. అందం కోసం చూడొద్దు, అంకెలు చూడండి.

పువ్వు డబ్బా మీద రెండు అంకెలు కనిపించొచ్చు. 'టీహెచ్‌సీ' అన్నది ఉన్నది ఉన్నట్టుగా ఎంతో చెబుతుంది, అది చాలా తక్కువ కనిపిస్తుంది. 'టోటల్ టీహెచ్‌సీ' అన్నది వేడి తగిలాక ఎంత అవుతుందో చెబుతుంది. మీకు కావలసింది రెండోదే. 240 మిల్లీగ్రాములు/గ్రాము అని ఉంటే 24 శాతం అని అర్థం, 3.5 గ్రాముల డబ్బాలో మొత్తం 840 మిల్లీగ్రాములు. మొదటి అంకె చూసి 'ఇందులో ఏమీ లేదు' అనుకుని ఎక్కువ చుట్టుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు.

తర్వాత ప్యాక్ చేసిన తేదీ. గడువు తేదీ దగ్గర చాలా డబ్బాల మీద 'నిర్ణయించలేదు' అనే అర్థం వచ్చే మాటే ఉంటుంది కాబట్టి తాజాదనం చెప్పేది ప్యాకింగ్ తేదీ ఒక్కటే. ఆరు నెలలు దాటిన సరుకు వేళ్ల మధ్య పొడి అవుతుంది, పొగ గొంతులో గరగరలాడుతుంది, వాసన పోతుంది. షాపులో అయితే కౌంటర్ దగ్గరే తేదీ అడిగి తీసుకోండి. వెబ్‌సైట్‌లో ఆ వీలు లేదు, ఓసీఎస్ సైటు కంటే షాపు మెరుగనిపించేది సరిగ్గా ఇక్కడే. లాట్ నంబర్ ఉన్న డబ్బాను సరుకు అయిపోయేదాకా పారేయకండి. హెల్త్ కెనడా (అక్కడి ఫెడరల్ ఆరోగ్య శాఖ) రీకాల్ ప్రకటించినప్పుడు పోల్చుకునేది దాన్నిబట్టే.

తినేవాటికి పరిమితి కఠినం: ప్యాకెట్ మొత్తానికి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. రెండు గమ్మీలుంటే ఒక్కోటి 5. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ప్యాకెట్‌కు 100 దాకా ఒప్పుకుంటారు. అలవాటైనవాళ్లు కెనడా పరిమితిని తిట్టుకుంటారు. ప్యాకింగ్ చెత్త పెరుగుతుంది, ధర పెరుగుతుంది, అక్రమ సైట్లకు గిరాకీ పెరుగుతుంది. ఆ ఫిర్యాదులో నిజముంది. ఈ గీతను తప్పించుకోవడానికి కొన్ని కంపెనీలు నమిలే బిళ్లలను 'ఎక్స్‌ట్రాక్ట్' అని పేరు మార్చి అమ్మాయి కూడా. ఎక్స్‌ట్రాక్ట్ డబ్బాకు పరిమితి 1000 మిల్లీగ్రాములు మరి. 2023లో హెల్త్ కెనడా వాటిని ఆపమంది.

అయినా కొత్తవాళ్లకు 10 కూడా ఎక్కువే. రెండున్నరతో మొదలుపెట్టాలి. తిన్నది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, కడుపు నిండా భోజనం చేసి ఉంటే ఇంకా ఆలస్యం. ముప్పావు గంట చూసి 'ఏమీ కాలేదే' అని రెండోది నోట్లో వేసుకుంటే రెండూ ఒకేసారి తలకెక్కుతాయి: గుండె దడ, భయం, వాంతులు. పొగ కంటే ఎక్కువసేపు ఉంటుంది, అర్ధరాత్రి దాటినా దిగకపోవచ్చు. గమ్మీలను వేరే డబ్బాలోకి మార్చొద్దు. మూత గట్టిగా ఉందని విసుక్కుని స్టీలు డబ్బాలో పోస్తే పిల్లలకు అది మామూలు మిఠాయే.

పన్ను: అసలు కథ ఇక్కడ

బిల్లు మీద కనిపించేది 13 శాతం హెచ్‌ఎస్‌టీ (మన జీఎస్‌టీ లాంటి అమ్మకపు పన్ను) ఒక్కటే. ఎక్సైజ్ సుంకం ధరలోనే కలిసి ఉంటుంది, డబ్బాకు అంటించిన స్టాంపు దానికి రసీదు. ఎండు పువ్వు మీద ఆ సుంకం గ్రాముకు 1 డాలర్, లేదా తయారీదారు ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. పావు వంతు ఫెడరల్ ప్రభుత్వానికి, ముప్పావు ప్రావిన్స్‌కు. ఒంటారియోలో దీనికి తోడు తయారీదారు ధర మీద 3.9 శాతం సర్దుబాటు సుంకం ఉంది.

ఈ సూత్రం రాసినప్పుడు గ్రాము 10 డాలర్లు పలుకుతుందని అంచనా. అలా ఉంటే 1 డాలర్ అన్నా 10 శాతం అన్నా ఒకటే. ధరలు కూలిపోయాయి. ఇప్పుడు 28 గ్రాముల సంచి షాపులోనే గ్రాముకు ఐదు డాలర్ల లోపే దొరుకుతుంది. 1 డాలర్ మాత్రం కదల్లేదు. లెక్క కోసం తయారీదారు గ్రాముకు 2 డాలర్లు అడిగాడనుకోండి. 28 గ్రాములకు 56 డాలర్లు. సుంకం 28. సర్దుబాటు రెండు డాలర్ల చిల్లర. అంటే గంజాయి ఖరీదులో సగానికి పైగా పన్నే. దాని మీద ఓసీఎస్ లాభం, షాపు లాభం, మొత్తం మీద మళ్లీ 13 శాతం. అదే గ్రాముకు 6 డాలర్లు అడిగే ఖరీదైన 3.5 గ్రాముల డబ్బా చూడండి: 21 డాలర్లకు సుంకం మూడున్నర, సర్దుబాటు కలిపినా 21 శాతం దాటదు. చవక సరుకు కొనేవాడి మీదే బరువు.

ఇంకా పెద్ద వంకర వేరే ఉంది. గమ్మీలు, నూనెలు, వేప్‌ల మీద సుంకం బరువును బట్టి కాదు, మత్తును బట్టి: టీహెచ్‌సీ ఒక మిల్లీగ్రాముకు 1 సెంట్. 10 మిల్లీగ్రాముల గమ్మీల ప్యాకెట్‌కు 10 సెంట్లు, 850 మిల్లీగ్రాముల వేప్‌కు ఎనిమిదిన్నర డాలర్లు. ఈ రేటును పువ్వుకు పెట్టి చూస్తే, 10 శాతం టీహెచ్‌సీ ఉన్న పువ్వులో గ్రాముకు 100 మిల్లీగ్రాములు, అంటే సరిగ్గా 1 డాలర్. 20 శాతం పువ్వుకు 2 డాలర్లు పడాలి, 30 శాతానికి 3. పడేది మాత్రం అన్నిటికీ ఒకటే డాలర్. ఘాటు పెరిగేకొద్దీ మిల్లీగ్రాము మీద పన్ను తగ్గిపోతుంది. 12 శాతం పువ్వు పండించేవాడికి ఈ సుంకంతో గిట్టుబాటు కాదు. ఆరోగ్యం పేరు చెప్పి తెచ్చిన చట్టం, ఘాటైన సరుకుకే రాయితీ ఇచ్చినట్టయింది.

అరల మీద దాని ఫలితం కనిపిస్తుంది. అంతా 28, 30, 32 అంకెల పోటీ. పెద్ద అంకె రాసిచ్చే ల్యాబ్‌ను వెతుక్కుని వెళ్లడం, దాన్నే అక్కడ 'ల్యాబ్ షాపింగ్' అంటారు, ఈ వ్యాపారంలో ఏళ్లుగా ఉన్న రోగం. కాబట్టి 33 శాతం డబ్బాకు, 26 శాతం డబ్బాకు మధ్య తేడా కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. తేదీ, టెర్పీన్ల (వాసన, రుచి ఇచ్చే పదార్థాల) శాతం చూసి కొంటే మేలు. తయారీదారులు కట్టలేక పడిన సుంకం బకాయిలు వందల మిలియన్ల డాలర్లకు చేరాయి. 2024 మార్చిలో వచ్చిన నిపుణుల నివేదిక కూడా సుంకం పద్ధతిని మళ్లీ చూడమంది. పన్ను తీరుకు ఐదుకి రెండు.

(గంజాయి మీద సుంకం మనకేం కొత్త కాదు. బ్రిటిష్ కాలంలో 1893లో వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ కూడా పూర్తి నిషేధం వద్దు, లైసెన్సు, సుంకం పెట్టండి అనే చెప్పింది.)

ఒకే గోడౌన్ పద్ధతికి ఉన్న ఇంకో చిక్కు: అక్కడ ఆగితే ప్రావిన్స్ అంతా ఆగుతుంది. 2022 ఆగస్టులో ఓసీఎస్‌కు రవాణా చూసే సంస్థ మాతృ కంపెనీ మీద సైబర్ దాడి జరిగినప్పుడు షాపులకు సరుకు కొన్ని రోజులు బంద్ అయింది. అక్రమ సైట్లకు ఆ బాధ లేదు.

ఆ సైట్లు చూడ్డానికి అచ్చం లైసెన్సు షాపుల్లాగే ఉంటాయి. పట్టుకోవడం కష్టం కాదు. డబ్బా మీద ఒంటారియో పేరున్న ఎక్సైజ్ స్టాంపు ఉండదు. గమ్మీల ప్యాకెట్ మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటుంది, చట్టబద్ధమైన ప్యాకెట్‌లో అది అసాధ్యం. కార్డు వద్దని ఈ-ట్రాన్స్‌ఫర్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపడం) అడుగుతారు. ధర తక్కువే, కాదనలేం. కానీ పురుగుమందుల అవశేషాలు, బూజు పరీక్షలు ఉండవు, లేబుల్ మీద అంకెకు పూచీ ఉండదు.

షాపు గుమ్మం దాటాక

చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకు చిక్కు వచ్చేది కౌంటర్ దగ్గర కాదు, కారులో. ఒంటారియోలో 21 ఏళ్లు, అంతకు లోపు వాళ్లకు, జీ1, జీ2 (ఫుల్ లైసెన్సుకు ముందు దశలు) లైసెన్సు ఉన్నవాళ్లకు వయసేదైనా, డ్రైవింగ్‌లో గంజాయి విషయంలో సహనం సున్నా. కొత్తగా వెళ్లినవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది జీ2నే. లాలాజలం పరీక్షలో దొరికితే లైసెన్సు అక్కడికక్కడే సస్పెండ్. ఫుల్ లైసెన్సు ఉన్నా, రక్తంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల టీహెచ్‌సీ నుంచే నేరం మొదలవుతుంది. 5కు చేరితే మొదటిసారికే కనీసం 1000 డాలర్ల జరిమానా. ఆ నేరానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబర్‌లో 10 ఏళ్లకు పెంచారు. దాంతో అది ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం 'తీవ్ర నేరం' కిందికి వచ్చింది. స్టడీ పర్మిట్ వాళ్లకే కాదు, పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నవాళ్లకూ దేశంలో ఉండే హక్కు మీదికే వస్తుంది. డబ్బాను కారులో తెచ్చుకునేటప్పుడు సీలు తీయకుండా, లేదా మూసిన బ్యాగులో చేతికి అందనిచోట పెట్టాలి. డిక్కీ ఉత్తమం. అద్దె ఇంట్లో పొగ తాగొద్దని అగ్రిమెంట్‌లో ఉంటే అది గంజాయికీ వర్తిస్తుంది, సంతకానికి ముందే చూసుకోండి.

దేశం లోపలి విమానాల్లో 30 గ్రాముల దాకా పర్వాలేదు. సరిహద్దు దాటకూడదు. అవతల వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టబద్ధమే అన్న వాదన పనికిరాదు. టొరంటో పియర్సన్‌లో అమెరికా విమానాలకు అమెరికన్ అధికారుల తనిఖీ అక్కడే జరుగుతుంది కాబట్టి, దొరికితే టొరంటోలోనే వాళ్ల చేతికి చిక్కుతారు. శంషాబాద్‌లో దిగితే ఎదురయ్యేది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. ఓసీఎస్ బిల్లు చూపించినంత మాత్రాన వదిలిపెట్టరు, పైగా కొన్నది మీరేనని ఆ బిల్లే చెబుతుంది. చలికోటు జేబులో మరిచిపోయిన సగం వాడిన వేప్ పెన్ను కూడా లెక్కలోకే వస్తుంది. సూట్‌కేసు సర్దే ముందు జేబులు, బ్యాగు పక్క అరలు ఒకసారి దులపండి.