మూడు చలికాలాలు వాడిన ఫ్లీస్ వెస్ట్

నెల్లూరోడికి ఫ్లీస్ వెస్ట్, అంటే చేతుల్లేని వెచ్చటి జాకెట్, దేనికని నవ్వుతారు. కొన్న రోజు నేనూ నవ్వుకున్నాను. జనవరిలో కూడా ఇక్కడ రాత్రిళ్లు 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుందే తప్ప పెద్దగా దిగదు. కానీ మైపాడు దిక్కున మాకు వనామి రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలని ఇందుకూరుపేట నుంచి మూడున్నరకు బండి తీస్తే మంచు, పైగా ఎదురుగాలి. ఛాతీ బిగుసుకుపోయేది.

అంతకుముందు ఉన్ని స్వెట్టర్ వేసుకునేవాణ్ణి. మంచుకు తడిసి బరువెక్కేది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగిన ప్రతిసారీ చేతులు మోచేతి దాకా నీళ్లే. అందుకే చేతుల్లేనిది కావాలనుకున్నాను. ట్రంకు రోడ్డులో 850 రూపాయలకు దొరికింది. 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు బట్ట 200 గ్రాములు తూగుతుంది. 300ది కూడా చూపించారు గానీ మన ఊళ్లలో అది వేసుకుంటే ఉడికిపోతాం.

ఫ్లీస్ అంటే ఎక్కువగా పాలిస్టరే. బట్టను గీకి నూగు లేపుతారు, ఆ నూగులో నిలిచే గాలే వెచ్చదనం. నూలులాగా నీళ్లు పీల్చదు. తడిసినా నాలుగుసార్లు విదిలించి జనరేటర్ షెడ్డులో తగిలిస్తే ఇంటికెళ్లే వేళకు ఆరిపోతుంది. ఈ ఒక్క గుణానికే నా 850 గిట్టాయి.

గాలిని మాత్రం ఆపదు. ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. గట్టు మీద నిలబడితే హాయిగా ఉంటుంది, బండి యాభై దాటిందంటే జల్లెడ తొడుక్కున్నట్టే. పైన పాత రెయిన్‌కోటు వేయడం మొదలుపెట్టాకే చలి ఆగింది.

నిప్పు దగ్గర జాగ్రత్త. మొదటి ఏడాది భోగిమంట దగ్గర ఒక్క రవ్వ పడింది. బట్ట కరిగి మినపగింజంత చిల్లు, చుట్టూ గట్టి అంచు. మా ఆవిడ దానిమీద పువ్వు కుట్టిస్తానంది, వద్దన్నాను.

గట్ల మీద ఉత్తరేణి గింజలు అంటుకుంటే దువ్వెన పెట్టి గీకాల్సిందే. రెండో ఏడాదికి చంకల కింద ఉండలు కట్టింది. తిరగేసి చల్లనీళ్లలో ఉతకడం మొదలుపెట్టాక కొంచెం తగ్గింది. ఇస్త్రీ జోలికి పోకండి. జిప్పు రన్నర్ ఊడితే టైలర్ కొత్తది వేశాడు, అది బాగానే ఉంది.

నా కోపమంతా జేబుల మీదే. వాటికి జిప్పులు లేవు. పోయిన డిసెంబరులో ట్రే కోసం వంగితే ఫోన్ జారి గుంటలో పడింది. కాపలా పెద్దాయన లాంతరు లైటు వేసి చూసి, "ఏందబ్బయా, రొయ్యలకు ఫోన్ చేస్తన్నావా?" అన్నాడు. గంటసేపు కాళ్లతో తడిమితే దొరికింది, పని మాత్రం చేయలేదు. ఆ ఫోన్ డబ్బుతో ఇలాంటి వెస్టులు పదిహేను వచ్చేవి.

మళ్లీ కొంటే ఒక సైజు పెద్దది, జేబులకు జిప్పులున్నది తీసుకుంటాను. లోపల మందం చొక్కా పట్టాలి కదా. అప్పటిదాకా ఫోన్ ప్యాంటు జేబులో. వెస్ట్ జేబుల్లో వేయించిన చెనక్కాయలు.