హీరో ఫోర్జ్ సమీక్ష: ఆడేవారి పోలికతో వీరుడి బొమ్మ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి, బల్లచుట్టూ కూర్చుని తలొక పాత్రగా ఆడే టేబుల్‌టాప్ ఆటల్లో ఒక్కొక్కరి పాత్రకు గుర్తుగా బల్లమీద ఒక చిన్న బొమ్మ నిలబడుతుంది. మినియేచర్ అని దాని పేరు, ఆడేవాళ్ల నోట మినీ. మనిషి పాత్ర అయితే దాని ఎత్తు సాధారణంగా 28 నుంచి 32 మిల్లీమీటర్లు. అంత చిన్న బొమ్మలో శిల్పి చూపగలిగినవి కొన్నే: నిలబడిన తీరు, ఒంటిమీది దుస్తులు, చేతిలో ఆయుధం, తలకట్టు. ఎవరు వీరులు కాగలరు, ఎవరు కాలేరు అన్న నిర్ణయం ఆ కొన్నిటిలోనే జరిగిపోతుంది. దశాబ్దాలపాటు ఆ నిర్ణయం చాలావరకు ఒకే వైపు మొగ్గింది. వీరుడంటే కండలు తిరిగిన తెల్లజాతి పురుషుడు. వీరనారి అంటే పొట్టకూ తొడలకూ రక్షణ లేని కవచంలో నిలబెట్టిన స్త్రీ. సైన్యాల బొమ్మలతో ఆడే వార్‌హామర్ 40,000 యుద్ధక్రీడలో దాదాపు అందరూ స్త్రీలే ఉండే సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్ సైన్యానికి 1997లో సొంత నియమాల పుస్తకం వచ్చినా, ఆ సైన్యం లోహపు బొమ్మల నుంచి ప్లాస్టిక్‌కు మారడానికి 2019 చివరిదాకా ఆగవలసి వచ్చింది.

ఈ పరిస్థితిలో నచ్చిన బొమ్మను ఎవరికి వారే తీర్చిదిద్దుకునే వీలు కల్పించిన సేవ హీరో ఫోర్జ్. అమెరికాకు చెందిన ఈ సేవ 2014లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు ద్వారా జనం నుంచి నిధులు సేకరించి మొదలైంది. బ్రౌజర్‌లోనే జాతి (మనిషి, ఎల్ఫ్ వంటివి), దేహం, ముఖం, దుస్తులు, ఆయుధాలు, భంగిమ ఎంచుకుంటూ బొమ్మను తయారు చేసుకోవచ్చు. అంతవరకు ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు. కొనాలనుకున్నప్పుడు త్రీడీ ప్రింటర్‌కు ఇచ్చే ఎస్‌టీఎల్ ఫైలుకు సుమారు 8 డాలర్లు, ప్లాస్టిక్ బొమ్మకు సుమారు 20 డాలర్లు, రంగులతో ముద్రించిన బొమ్మకు సుమారు 45 డాలర్లు అవుతాయి. ఇండియాకు తెప్పించుకుంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం దీనికి అదనం. అందువల్ల మన దేశంలో ఆడేవారిలో చాలామంది ఫైలు కొని, తెలిసినవారి రెసిన్ ప్రింటర్‌లోనో (ద్రవ రెసిన్‌ను పొరలుగా గట్టిపరిచే త్రీడీ ప్రింటర్) దగ్గరలోని త్రీడీ ప్రింటింగ్ షాపులోనో అచ్చు వేయించుకుంటారు. మా ఆట బృందం కూడా ఆ దారినే ఎంచుకుంది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది దాని జాబితాల్లో కంచెలు లేకపోవడం. స్త్రీ పాత్రకు మెడ నుంచి మడమ దాకా ఉక్కు కవచం తొడగవచ్చు, పురుష పాత్రకు పొడవాటి గౌను వేయవచ్చు. హిజాబ్, తలపాగా, కృత్రిమ కాళ్లూ చేతులూ, చక్రాల కుర్చీ అన్నీ కత్తులూ డాళ్లూ ఉన్నంత సహజంగా అక్కడ ఉన్నాయి. కండ, లావు, ఎత్తు దేనికది విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు గనుక లావుపాటి యోధురాలికీ బక్కపలుచని యోధుడికీ చోటు దొరుకుతుంది. చర్మానికి ఏ ఛాయనైనా ఇవ్వవచ్చు.

మా బృందంలో చిన్నప్పటి నుంచి చక్రాల కుర్చీ వాడే మిత్రుడు ఒకరున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం సారా థామ్సన్ 2020లో రూపొందించి ఉచితంగా విడుదల చేసిన కంబాట్ వీల్‌చెయిర్ (యుద్ధపు చక్రాల కుర్చీ) నియమాలను చదివిన తర్వాత, తన ఫైటర్ (యోధుడు) పాత్ర కూడా కుర్చీలోనే యుద్ధం చేయాలని ఆయన నిశ్చయించుకున్నారు. (నేలమాళిగల్లో మెట్లు వస్తే ఎలాగని అడిగేవారికి ఆ నియమాల్లోనే సమాధానం ఉంది.) తెరమీద బొమ్మను సిద్ధం చేస్తున్నప్పుడు కుర్చీ ఎంపిక ఆయనకు పెద్ద పని కాలేదు, ఎక్కువసేపు పట్టింది వెన్ను దగ్గర. నిటారుగా వెనక్కి ఆనుకుని కూర్చోబెడితే వెనుక నుంచి ఎవరో తోసుకుపోతున్న మనిషిలా కనిపిస్తోందని ఆయన అన్నారు. చక్రం పట్టుకుని తానే వేగంగా కదిలే మనిషి భుజాలు ముందుకు వస్తాయి, తల కొంచెం వంగుతుంది, మోచేతులు వెనక్కి లేస్తాయి. ఈ సేవలో కీళ్లను ఒక్కొక్కటిగా వంచుకునే సౌకర్యం ఉంది కాబట్టి ఆయన నడుమును ముందుకు వంచి, ఎడమ చేతిని చక్రం మీదికి దించి, కుడి చేతిలో ఈటెను ఎత్తి పట్టించారు. ఆ మార్పుతో బొమ్మ స్వభావమే మారిపోయింది. కుర్చీలో కూర్చున్న రోగి పోయి, కుర్చీని నడిపే యోధుడు కనిపించాడు. ఈ తేడా ఆ కుర్చీలో బతికిన మనిషికే పట్టుబడుతుంది. భంగిమను ఆ మనిషి చేతికే వదిలిపెట్టడం ఈ సేవ చేసిన మంచి పని.

అచ్చు వేయించడంలో మాత్రం జాగ్రత్త అవసరం. నగరంలోని ఒక షాపులో మొదట వేయించిన బొమ్మకు సపోర్టులు (అచ్చు వేసేటప్పుడు బొమ్మను పట్టి ఉంచే సన్నని ఊతలు) తీస్తుండగా చక్రాల ఊచలు విరిగిపోయాయి. ఈటె, ఊచలు, వేళ్లు వంటి సన్నని భాగాలు ఉన్న ఫైలును కొంచెం వంచి నిలబెట్టి, కాస్త సాగే గుణమున్న రెసిన్ కలిపి, రెసిన్ పూర్తిగా గట్టిపడక ముందే గోరువెచ్చని నీళ్లలో ఉంచి సపోర్టులు తీయమని ముందే చెప్పడం మంచిది.

రంగుల విషయం ఇంకా లోతైనది. మినీల కోసం తయారయ్యే రంగుల్లో చర్మానికని అమ్మినవి చాలాకాలం లేత గులాబీ, గోధుమ ఛాయల చుట్టూనే తిరిగాయి, నేర్పే పాఠాలూ వాటి మీదే సాగాయి. ఆ పద్ధతినే నల్లని చర్మానికి వాడి, వెలుగు పడే చోట తెలుపు కలిపితే ముఖం బూడిద పూసినట్టు పాలిపోతుంది. ముదురు గోధుమ రంగును పునాదిగా వేసి, చెంపల మీద, ముక్కు దూలం మీద, నుదుటి మీద ఎర్రమట్టి రంగుతో మొదలుపెట్టి పసుపుమట్టి రంగు దాకా పలుచగా పొరలు వేయాలి. నీడల్లోకి ముదురు నీలమో ఊదానో ఒక చుక్క కలిపి దించితే చర్మానికి నిగారింపు వస్తుంది. అరచేతులు ఒక ఛాయ తేలికగా ఉండాలి. మా ఇళ్లలో రోజూ చూసే చామనఛాయ, నలుపు బల్లమీద సరిగ్గా కనిపించడానికి ఇంత శ్రద్ధ పడుతుంది, ఆ శ్రద్ధ దక్కాల్సిందే. నేను ఫైలు కొనడాన్నే ఇష్టపడటానికి ఇది రెండో కారణం.

బృందంలోని మరో అమ్మాయి తన పాలాడిన్ (ధర్మం కోసం పోరాడే యోధురాలు) పాత్రకు కాకతీయ రుద్రమదేవి స్ఫూర్తి కావాలని కోరుకుంది. రాయగజకేసరి అని బిరుదు పొందిన పాలకురాలి ఛాయలున్న పాత్రకు కాసెపోసి కట్టిన చీర కావాలి కదా. హీరో ఫోర్జ్ దుస్తుల్లో ఐరోపా మధ్యయుగపు పోకడలదే పెద్ద వాటా కాబట్టి వదులుగా ఉండే పైజామాను, నడికట్టును ఆధారం చేసుకుని, అచ్చు వేసిన బొమ్మ మీద గ్రీన్ స్టఫ్ అనే పుట్టీతో కుచ్చిళ్లు తీర్చి, వెనుక కాసె దోపవలసి వచ్చింది. ఫలితం చూడముచ్చటగానే ఉంది. అయితే కుచ్చిళ్లు తీర్చగల చెయ్యి అందరికీ ఉండదు. నార్స్ (పాతకాలపు స్కాండినేవియా) యోధుడు కావాలనుకున్నవారికి నాలుగు క్లిక్కుల్లో అయ్యే పని కాకతీయ యోధురాలు కావాలనుకున్నవారికి కొన్ని సాయంత్రాల పని కావడాన్ని నేను చిన్న లోపంగా తీసిపారేయలేను.

ఈ సేవ పరిధి మీద నాకు ఇంకొక గట్టి అభ్యంతరం ఉంది. ఆర్డరు మీద తయారయ్యే బొమ్మ వీరుడి వరకే వస్తుంది. ఆట నడిపే డంజన్ మాస్టర్‌కు ఊరి జనం కావాలి, కోట కాపలాదారులు కావాలి, సంతలో వ్యాపారులు, గుడి పూజారులు, మంత్రులు, రాజులు కావాలి. వీరందరినీ ఒక్కొక్కరినీ తీర్చిదిద్దుకుని కొనడం ఎవరి జేబుకూ సాధ్యం కాదు. దాంతో పాత పెట్టెల్లోని బొమ్మలే ఆ చోట్లకు వచ్చి నిలబడతాయి, తనలాంటి మనిషి మరొకరు లేని లోకంలో మన వీరనారి ఒంటరి అవుతుంది. పూర్తి కవచంలోనో పనిబట్టల్లోనో ఉన్న నమ్మదగిన స్త్రీల బొమ్మలనే ప్రత్యేకంగా తయారు చేసే బ్రిటన్‌లోని బ్యాడ్ స్క్విడ్డో గేమ్స్ వంటి చిన్న సంస్థల అవసరం ఇక్కడే తెలుస్తుంది. చక్రాల కుర్చీలో ఉన్న సాహసికుల బొమ్మలను రెడీమేడ్‌గా తెచ్చిన స్ట్రాటా మినియేచర్స్‌దీ అదే దారి. పెట్టె తెరిచిన ప్రతివారి చేతికీ ఆ బొమ్మలు అడగకుండానే వస్తాయి.

ఆడేవారి సొంత పాత్రకోసమైతే హీరో ఫోర్జ్‌ను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. దగ్గరలో మంచి రెసిన్ ప్రింటర్ ఉంటే ఫైలు కొనండి. రంగులు వేసే ఓపిక లేనివారికి రంగుల ముద్రణ ఉంది, కాని ఇండియాకు చేరేసరికి అయ్యే మొత్తం ఖర్చు లెక్క చూసుకున్నాకే ఆర్డరు పెట్టండి. ఏది కొన్నా డబ్బు కట్టే ముందు బొమ్మను అన్నివైపులా తిప్పి, అది ఎవరి పాత్రో వారికే చూపించి, భంగిమ వారిచేతే సరిచేయించండి.