విజయనగరంలో రీపర్‌తో ఐదేళ్లు: సాఫ్ట్‌వేర్, వర్చువల్ వాయిద్యాలు, ఒక జముకు

విజయనగరం కోటకు దగ్గరలో ఒక అద్దె ఇంట్లో, ఉద్యోగం నుంచి వచ్చి భోజనం ముగించాక మిగిలే రెండు గంటల్లో పాటలు కట్టుకోవడం నా వ్యాపకం. సంగీతం నా వృత్తి కాదు, దాని వల్ల నాకు పైసా ఆదాయమూ లేదు. 2020లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు కొన్నాను. దానిని, దానిలో మోగించే రకరకాల వర్చువల్ వాయిద్యాలను, అంటే కంప్యూటర్‌లోనే మోగే వాయిద్యాలను, ఐదేళ్లకు పైగా వాడాక ఈ సమీక్ష రాస్తున్నాను. నాలాగే అభిరుచి కొద్దీ మొదలుపెట్టి, మన సంగీతం చేయాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకున్నాను. పూర్తిగా పాశ్చాత్య ధోరణిలో చేసుకునేవారికి నా అనుభవం సగమే పనికిరావచ్చు.

ఒకప్పుడు మనమందరం పాటలు విన్న వినాంప్‌ను తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ స్థాపించిన కాకోస్ సంస్థే రీపర్‌నూ తయారుచేస్తోంది. అరవై రోజుల పాటు అన్ని సదుపాయాలతో ఉచితంగా వాడి చూడవచ్చు. వ్యక్తిగత అవసరాలకు లైసెన్సు ధర 60 డాలర్లు. అప్పట్లో అది నాకు నాలుగున్నర వేల రూపాయలు అయింది. ఆరో వెర్షన్ నడుస్తున్నప్పుడు కొన్న ఆ లైసెన్సు ఏడో వెర్షన్ ముగిసేదాకా చెల్లుతుంది కనుక, 2023 అక్టోబరులో ఏడో వెర్షన్ వచ్చినప్పుడు మళ్లీ ఏమీ కట్టవలసి రాలేదు. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో అది ఇబ్బంది లేకుండా నడవడం దీనిని ఎంచుకోవడానికి మరో కారణం. ఇన్‌స్టాల్ ఫైలు ఎంత చిన్నదంటే, ఫోను డేటాతో దింపుకోవడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

ఇలాంటి మిగతా సాఫ్ట్‌వేర్‌లను చూడకుండా దీనికి రాలేదు. ఒకసారి కొంటే ఆ తర్వాతి వెర్షన్లన్నీ ఉచితంగా ఇచ్చే ఎఫ్ఎల్ స్టూడియో పద్ధతి ఉదారమైనదే. అయితే దాని ట్రయల్‌లో దాచుకున్న పనిని లైసెన్సు కొనేదాకా మళ్లీ తెరవలేము కాబట్టి, రోజుకు కాస్త చొప్పున పని చేసేవాడికి ఆ పరీక్షాకాలం అంతగా ఉపయోగపడదు. 2017 చివర్లో గిబ్సన్ సంస్థ ఆపేసిన కేక్‌వాక్‌ను 2018లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితంగా అందించింది, అది కూడా సమర్థమైన సాఫ్ట్‌వేరే. లాజిక్, గరాజ్‌బ్యాండ్ ఆపిల్ యంత్రాలలో తప్ప నడవవు కనుక నా లెక్కలోకి రాలేదు.

మొదటి ఏడాదిలో నన్ను విసిగించినది సాఫ్ట్‌వేర్ కాదు, లేటెన్సీ. కీ నొక్కిన తరువాత కాస్త ఆగి శబ్దం రావడం వాయించేవాడి లయను చంపేస్తుంది. శబ్దాన్ని మోగించేముందు కంప్యూటర్ పోగుచేసుకునే బఫర్ 512 శాంపిళ్లు (శబ్దపు తునకలు) ఉన్నప్పుడు, సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన, ఆ ఒక్క అంచెలోనే 11.6 మిల్లీసెకన్లు పోతాయి. 128కి తగ్గిస్తే అది 2.9 అవుతుంది గానీ, ల్యాప్‌టాప్‌లోని మామూలు సౌండ్ డ్రైవరు దానిని భరించలేక చిటపటలాడుతుంది. అస్యో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవరుతో కొంతకాలం నెట్టుకొచ్చి, చివరకు మైకులను, వాయిద్యాలను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, రెండు ఇన్‌పుట్‌లది, కొన్నాను. వాయిద్యాల మీద డబ్బు పెట్టకముందే ఈ ఖర్చు చేసి ఉండవలసింది.

పాశ్చాత్య వాయిద్యాల విషయంలో చెప్పడానికి ఎక్కువేమీ లేదు. స్పిట్‌ఫైర్ వారి ల్యాబ్స్‌లోని పియానోలు, తీగ వాయిద్యాలు, సింథసైజర్ కావాలంటే వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, ఎనభైల నాటి సినిమా పాటల గంటల శబ్దం కోసం డెక్స్‌డ్, ఇవన్నీ ఉచితంగానే దొరుకుతాయి, అభిరుచికి ఇవి చాలు. కొనేముందు చూసుకోవలసినది ఒక్కటి ఉంది. రికార్డు చేసిన శబ్దాలను కీలతో మోగించే కాంటాక్ట్ అనే శాంప్లర్‌కు ఉచిత ప్లేయర్ ఒకటి, డబ్బు పెట్టి కొనే పూర్తి వెర్షన్ మరొకటి ఉన్నాయి, పూర్తి వెర్షన్ కోసం తయారైన లైబ్రరీని, అంటే వాయిద్య శబ్దాల కట్టను, ప్లేయర్‌లో తెరిస్తే పదిహేను నిమిషాలకు ఆగిపోతుంది. లైబ్రరీ చవకగా వచ్చిందని సంబరపడి, దానిని మోగించే యంత్రానికి అంతకు ఎన్నో రెట్లు కట్టినవారు నాకు తెలుసు.

అసలు చిక్కు మన వాయిద్యాల దగ్గర మొదలైంది. భారతీయ వాయిద్యాల లైబ్రరీ ఒకటి, పేరు చెప్పను, నెల జీతంలో గణనీయమైన భాగం పెట్టి కొన్నాను. వీణ ఒక్కొక్క మీటు విడిగా వింటే అచ్చం బొబ్బిలి వీణే అనిపించేది. దానితో తోడి రాగంలో నాలుగు ఆవర్తనాలు కట్టి, మా వీధిలో ఉండే ఒక వయొలిన్ మాస్టారికి వినిపించాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకున్నవారు ఆయన. కళ్లు మూసుకుని విని, "గాంధారాన్ని మేకు కొట్టి నిలబెట్టేశారండీ" అన్నారు.

ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. తోడిలో సాధారణ గాంధారం ఉన్న చోట నిలవదు, శుద్ధ రిషభం వైపు దిగి శుద్ధ మధ్యమం వైపు ఎక్కుతూ ఊగుతుంది. కీబోర్డు మీద ఒక్కో కీని ఒక మెట్టుగా లెక్కవేస్తే అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు. స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ సాధారణంగా రెండేసి మెట్లే వంగుతుంది కనుక ఆ గమకానికి బొటాబొటిగా సరిపోతుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే మాత్రం ఏడు మెట్లు కావాలి, అందుచేత ఇప్పుడు ఏ వాయిద్యాన్ని తెరిచినా మొదట దాని బెండ్ పరిధిని పన్నెండుకు మారుస్తాను. అలా మార్చే వీలు లేని వాయిద్యం ఎంత అందంగా మోగినా మన సంగీతానికి దాదాపు పనికిరాదని నా అభిప్రాయం. రీపర్ ఆరో వెర్షన్ నుంచి బెండ్ గీతను వంపులతో గీసుకోవచ్చు. ఊగే గాంధారాన్ని నేను చేత్తో గీస్తాను, రెండు ఊపులు ఎప్పుడూ ఒకేలా ఉండనివ్వను.

గీత సరిగ్గా గీసినా వీణ వీణలా మోగకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. వైణికుడు తీగను మెట్టు మీద లాగినప్పుడు స్వరం మారుతుంది గానీ, పనసకర్రతో తొలిచిన వీణ కుండ మారదు, దాని ప్రతిధ్వని ఉన్న చోటే ఉంటుంది. శాంపిల్‌ను, అంటే రికార్డు చేసిన మీటును, వంచితే తీగతో పాటు కుండ కూడా కుంచించుకుపోయినట్టు, ఉబ్బినట్టు వినిపిస్తుంది. అందుకని సర్జ్‌లో తీగను అనుకరించే ఆసిలేటర్‌ను (శబ్దం పుట్టించే భాగాన్ని) తీసుకుని, దాని తరువాత రీపర్‌తో వచ్చే, శబ్దంలో కొన్ని స్థాయులను పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో కదలని మూడు ఎత్తులు పెట్టి కుండగా వాడుతున్నాను. విడిగా ఒక్క మీటు వింటే కొన్న లైబ్రరీతో పోల్చలేము. నాలుగు ఆవర్తనాలు వింటే మాత్రం మాస్టారు ఈసారి మేకు మాట ఎత్తలేదు, తాళం వేశారు.

తాళం విషయంలో రీపర్‌కు మంచి మార్కులే వేస్తాను. మిశ్రచాపును ఏడుగా పెట్టి, తాళం కొట్టే మెట్రోనోమ్‌లో బలమైన దెబ్బలు మూడు, రెండు, రెండుగా పడేట్టు మనమే రాసుకోవచ్చు.

మా ప్రాంతపు జానపద కళ అయిన తప్పెటగుళ్ల శబ్దం ఏ లైబ్రరీలోనూ దొరకక, రేకు వాయిద్యాల శాంపిళ్లు పేర్చి ఒక వరుస తయారుచేశాను. ఊరిలో తప్పెటగుళ్లు ఆడే పెద్దాయన ఒకరు విని, "మాదీ రేకే బావూ. మీ రేకు మోగతంది గానీ అడుగెయ్యట్నేదు" అన్నారు. రొమ్ముకు కట్టుకుని ఎగురుతూ వాయించే వాయిద్యం కనుక ప్రతి దెబ్బలోనూ కాలి గజ్జె కలిసి ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. మిగిలిన డబ్బుతో లైబ్రరీ కాక ఒక కండెన్సర్ మైకు కొన్నాను, దానికి కావలసిన 48 వోల్టులు ఇంటర్‌ఫేసే ఇస్తుంది. ఆ తరువాత ఆయనతో ఆడించే రికార్డు చేశాను.

జానపద కథలు చెప్పేవారు వాయించే జముకుదీ ఇదే కథ. చర్మం మధ్యలోంచి వచ్చే తీగను బిగించి, వదులు చేస్తూ మీటితే శబ్దం దానంతట అదే జారుతుంది. ఆ జారుడును బెండుతో తయారుచేయడం మానేసి, నెమ్మదిగా జారినవి, చటుక్కున జారినవి, జారనివి కలిపి అరవై నాలుగు మీట్లు రికార్డు చేసి, డీసెంట్ శాంప్లర్ అనే ఉచిత ప్లగిన్‌లో పెట్టాను. దానికి రాయవలసినది ఒక చిన్న టెక్స్ట్ ఫైలు మాత్రమే, ఒకే కీ నొక్కినా మీట్లు వంతులవారీగా మారేట్టు అందులోనే చెప్పవచ్చు.

రీపర్‌లో లోపాలు లేకపోలేదు. దానితో పాటు వచ్చే వాయిద్యాలు నామమాత్రం, మెనూలు అడవిలా ఉంటాయి, కొత్తవారు మొదటి నెల నిరుత్సాహపడటం ఖాయం. కరెంటు పోయే ఊళ్లలో ఉన్నవారు సెట్టింగులలోకి వెళ్లి, కొన్ని నిమిషాలకొకసారి సమయం ముద్రతో వేరే ప్రతి దాచే ఏర్పాటును ముందే ఆన్ చేసుకోవాలి. నేను ఆ పని ఒక పాట పోగొట్టుకున్నాక చేశాను.

డిస్కు నిండిపోవడంతో పోయిన నెల నేను కొన్న ఆ లైబ్రరీని తీసేశాను, పదకొండు జీబీ ఖాళీ అయింది. జముకు ఫోల్డరు ముప్పై ఎంబీ కూడా లేదు.