ఆరు చలికాలాలు వాడాక మా సోలార్ వాటర్ హీటర్ గురించి

కాజీపేటలో మాది పాత డాబా ఇల్లు. అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురం. అంతకుముందు 15 లీటర్ల కరెంటు గీజర్ ఉండేది. పొద్దున పిల్లల బడి, మావారి డ్యూటీ, ఒకరి తర్వాత ఒకరు బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి "నీళ్లు కాగినయా?" అని అడగడమే. అందరి స్నానాలూ అయ్యాక అత్తమ్మకు దొరికేవి గోరువెచ్చని నీళ్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి, చలికాలంలో ఆ నీళ్లతో ఎంత ఇబ్బంది పడేదో చూడలేక 2019 కార్తీకంలో 200 లీటర్ల సోలార్ పెట్టించాం.

షాపుకి వెళ్లగానే అడిగిన మొదటి మాట "ఎన్ని లీటర్లది కావాలి?" అని. ఆరేళ్ల తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, అంతకంటే ముందు అడగాల్సింది "మీ ఇంట్లో ఏ నీళ్లు?" అని. మాది బోరు. గిన్నెలో కాచి చల్లారబెడితే అడుగున తెల్లగా సున్నం పొర కడుతుంది. సోలార్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి రాగి గొట్టాలు, పైన గట్టి అద్దం ఉండే ఫ్లాట్ ప్లేట్. రెండోది గాజు ట్యూబులది. ఫ్లాట్ ప్లేట్ గట్టిది, కానీ అందులో గొట్టాలు సన్నగా ఉంటాయి కాబట్టి మాలాంటి బోరు నీళ్లకు సున్నం పట్టి మూసుకుపోతాయి. గాజు ట్యూబు వెడల్పుగా ఉంటుంది, విప్పి కడుక్కోవచ్చు. ధర కూడా తక్కువే. అందుకే ట్యూబులదే తీసుకున్నాం, ఆ విషయంలో ఇప్పటికీ బాధ లేదు.

హీటర్ 29 వేలు. మొత్తం అయిన ఖర్చు మాత్రం 41 వేలు. ఎందుకంటే ఇందులో మోటార్ ఉండదు. వేడెక్కిన నీళ్లు తేలికై ట్యూబులోంచి పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చన్నీళ్లు కిందికి దిగుతాయి. సోలార్ ట్యాంకు నిండాలంటే చన్నీళ్ల ట్యాంకు దానికంటే ఎత్తులో ఉండాలి. మాది స్లాబు మీదే ఉండేది. ఇటుకలతో నాలుగడుగుల దిమ్మె కట్టించి పైకెత్తాల్సి వచ్చింది. ఆ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. పైపు కూడా మామూలు పీవీసీ పనికిరాదు, వేడికి మెత్తబడుతుంది. వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వేయించి పైన ఫోమ్ తొడుగు చుట్టించాం. బాత్రూమ్ ఇంటికి అటు చివర, పైపు 40 అడుగులు. నల్లా తిప్పగానే మూడు నాలుగు లీటర్లు చన్నీళ్లే వస్తాయి, ఆ తర్వాతే వేడివి. ఆ నీళ్లను అత్తమ్మ వేరే బకెట్లో పట్టి తులసికి పోస్తుంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు బాత్రూమ్‌కి నేరుగా పైన సోలార్ వచ్చేలా చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

సుఖం మాత్రం చెప్పలేనంత. డిసెంబర్‌లో పొద్దున అయిదింటికి నల్లా తిప్పితే నిన్నటి ఎండకు కాగిన నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి. సగానికి సగం చన్నీళ్లు కలపనిదే ఒంటి మీద పోసుకోలేం. పిల్లలకు ముందే చెప్పి పెట్టాలి: ముందు బకెట్లో చన్నీళ్లు, తర్వాతే వేడివి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్తూ మంచిర్యాల నుంచి చుట్టాలు మా ఇంట్లో దిగారు. పధ్నాలుగు మందిమి. ఆఖరి ఇద్దరికి కాస్త చల్లబడ్డాయి తప్ప అందరికీ సరిపోయాయి. ఆ రోజు అత్తమ్మ మొదటే స్నానం చేసి మెట్ల మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకోవడం చూసి పెట్టిన డబ్బులు వచ్చేసినట్టే అనిపించింది.

ముసురు పడితే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2023 జూలై ఆఖర్లో వరంగల్ మునిగినప్పుడు నాలుగు రోజులు చన్నీళ్లే వచ్చాయి. ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెట్టిస్తామని షాపువాళ్లు అంటారు. నేనైతే వద్దంటాను. ఒక్కరి స్నానానికి 200 లీటర్లూ కాచాల్సి వస్తుంది, 20 డిగ్రీలు పెంచడానికే నాలుగున్నర యూనిట్లు దాటుతుంది. పాత గీజర్ అలాగే ఉంచుకుంటే చాలు. జమ్మికుంటలో మా అక్కవాళ్లకు గృహజ్యోతి, అంటే నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు వస్తుంది. చలికాలంలో గీజర్ వాడితే 200 యూనిట్లు దాటి ఆ నెల బిల్లు కట్టాల్సి వచ్చేది. నన్ను చూసి వాళ్లూ సోలార్ పెట్టించుకున్నారు. ఇక సబ్సిడీ అడిగేవాళ్లకు ఒక మాట: 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కరెంటు తయారుచేసే ప్యానెళ్లకు. నీళ్లు కాచే సోలార్‌కు కాదు.

మూడో ఏడు నీళ్లు సరిగా కాగడం మానేశాయి. ప్లంబర్ ఒక ట్యూబు తీసి బకెట్లోకి వంచాడు. ముందు బురద నీళ్లు, వాటి వెనకే గుడ్డుపెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు గలగలా రాలాయి. ఇరవై ట్యూబులకు సగం బకెట్ సున్నం వచ్చింది. అప్పటి నుంచి ఏటా దసరాకు ముందు కడిగిస్తున్నాం. ఆ అన్నే ఇంకో సంగతి చూపించాడు. ట్యూబు కింది కొసన వెండి పూతలా మెరుస్తుంటే దాని రెండు గాజు పొరల మధ్య గాలి లేనట్టు, అంటే ట్యూబు బాగున్నట్టు. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరింది, ఇక అది వేడిని నిలపదు. మావి రెండు తెల్లబడి ఉంటే మార్చాం. ట్యాంకులో మెగ్నీషియం రాడ్ కూడా ఒకటుంటుంది. ట్యాంకును తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది. బోరు నీళ్లకైతే ఏడాది, రెండేళ్లకోసారి మార్చాలి. వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, మేం మూడో ఏడు దాకా చూడలేదు. తీసేసరికి పెన్సిలంత సన్నబడి ఉంది.

ఇక కోతులు. ఇటువైపు ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. 2021లో ఒక మధ్యాహ్నం గుంపు దిగి ట్యూబుల మీద ఎగిరితే ఒకటి పగిలింది. ఒక్కటే కదా అనుకోవద్దు. ట్యూబుల్లో ఉన్నవీ ట్యాంకులో ఉన్నవీ ఒకే నీళ్లు. సోలార్ ట్యాంకు ఖాళీ అయింది, దానికి నీళ్లందిస్తూ పైనున్న చన్నీళ్ల ట్యాంకు కూడా ఖాళీ అయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి డాబా అంతా తడి, ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ముందు చేయాల్సింది చన్నీళ్ల గేట్ వాల్వ్ కట్టేయడం. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. కొత్త ట్యూబు వేశాక ఎండలో వెంటనే నీళ్లు వదలకూడదు, కాలిన గాజు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. చీకటి పడ్డాక నింపాం. తర్వాత వెడల్పు కళ్ల ఇనుప జాలీ బిగించాం, మళ్లీ పగల్లేదు. ఎండాకాలం మాత్రం ట్యూబుల మీద పాత చద్దర్లు కప్పేస్తాం. మేలో నల్లా నీళ్లే కాలుతుంటే వేన్నీళ్లెవరికి కావాలి?

పెద్దపల్లిలో మా తమ్ముడు ఇప్పుడు కొంటానంటున్నాడు. వాళ్లు ముగ్గురే, బోరు కాదు, ప్రభుత్వం నల్లాల్లో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడతారు. నీకు 100 లీటర్లది చాలు, లోపలి ట్యాంకు తుప్పును తట్టుకునే 304 రకం స్టీలేనని రాయించుకో అని చెప్పాను. డాబా ఫోటో పంపాడు. సోలార్ పెడతానన్న చోటికి దక్షిణాన పక్కింటివాళ్ల మెట్ల గది ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు, నీడ పొడుగవుతుంది. డిసెంబర్‌లో ఆ నీడ ఎన్నింటి దాకా పడుతుందో చూశాకే అడ్వాన్స్ ఇవ్వమన్నాను.